ఏడు రోడ్ల దగ్గర ఫ్లెక్సు షాపు: మ్యాచుకి 28 గోల్స్ కొట్టిన ధ్యాన్‌చంద్

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి మూడున్నర స్టార్లు. అందులో మూడు కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయివి, అర ప్రింటుది, ఓనరుకి ఏమీ లేదు. షాపు పేరు రాయను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, సందులో, మేడ మీద ఉంటుంది. మెట్ల మీదంతా తడి ఫ్లెక్సులు ఆరబెట్టి ఉంటాయి కాబట్టి చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాలి. ఇంతకన్నా గుర్తులు అక్కర్లేదు, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

నేను ఊరికి దగ్గర్లోని ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ప్రతి ఏడూ ఫొటోకి దండ వేసి, పిల్లల చేత కబడ్డీ ఆడించి, బిస్కెట్ ప్యాకెట్లు పంచి పంపేస్తాం. ఈసారి ఏదైనా కొత్తగా చేద్దామని, హాకీలో పెద్దవాళ్ళంతా మ్యాచుకి ఎన్ని గోల్స్ చొప్పున కొట్టారో ఒక పట్టిక తయారు చేసి, ఆరడుగులు బై నాలుగడుగుల ఫ్లెక్సు మీద వేయించి గోడకి కడదామనుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా, ఎక్కువ ఉన్నవాడు పైన, తక్కువ ఉన్నవాడు కింద. రెండు గంటల పని అనుకున్నాను. వారం పట్టింది.

తప్పు కొంత నాదే. 2025లో వినాయక చవితి 27న వచ్చింది, మన పని 29కి. చవితి ముందు వారంలో ఫ్లెక్సు షాపుకి వెళ్ళడమంటే సంక్రాంతి ముందు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విశాఖ బస్సుకి నిలబడడం లాంటిది. నాకు ముందు పదిమంది యూత్ కుర్రాళ్ళు, ఒక్కొక్కరి ఫ్లెక్సులో నలభై మొహాలు, ఎవరి మొహం ఎవరి పక్కన పడాలో గొడవ. ఓనరు నా కాగితం చూసి, "ఏటి మాస్టారూ, ఇన్ని అంకెలేటి? ఒక ఫొటో ఏసీసి, కింద శుభాకాంక్షలు అనీసి వదిలెయ్యండి, గంటలో ఇచ్చీస్తాను" అన్నాడు. కాదన్నాను. అడుగుకి పదిహేను, డిజైన్‌కి రెండు వందలు, మొత్తం 560, అడ్వాన్సు మొత్తం ముందే కట్టాలి, 26 సాయంత్రానికి రెడీ అన్నాడు. 28 రాత్రి ఎనిమిదిన్నరకి చేతికొచ్చింది. మధ్యలో ఆరుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లు "మిషన్ మీద ఉంది మాస్టారూ" అన్నాడు, అప్పటికింకా డిజైన్ కూడా అవలేదని తర్వాత తెలిసింది.

అసలు సంగతి ఆ అమ్మాయిది. డిగ్రీ అయిపోయిందట, ఆమదాలవలస నుంచి రోజూ వచ్చిపోతుంది. డీటీపీ చేసేవాళ్ళని చాలామందిని చూశాను, కాగితంలో ఏముందో చదవరు, అక్షరాలు కొట్టుకుంటూ పోతారు. ఈ అమ్మాయి చదువుతుంది, చదివి ప్రశ్న అడుగుతుంది. అదే ఆ షాపులో ఉన్న విలువ, అదే నా వారం తినేసింది కూడా.

మొదటి ప్రూఫ్ చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వాట్సాప్‌లో నేను పంపిన తెలుగు ఆ పాత ఫాంట్లోకి మారేటప్పుడు ఒత్తులన్నీ విడిపోయి పక్క లైన్లో పడ్డాయి, సరే, అది ప్రతిచోటా ఉన్న జబ్బే. దాంతోపాటు అంకెల్లో చుక్కలు ఎగిరిపోయాయి. ధ్యాన్‌చంద్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 5 మ్యాచుల్లో 14 గోల్స్, అంటే మ్యాచుకి 2.8. ప్రూఫ్‌లో 28 అని ఉంది. చవితి ఫ్లెక్సు కోసం పక్కన కూర్చున్న ఒకాయన అది చదివి, "కొట్టుంటాడులెండి, ధ్యాన్‌చంద్ కదా" అన్నాడు! ఆయన్ని తప్పు పట్టను. 1932 లాస్ ఏంజెలిస్‌లో మనవాళ్ళు అమెరికాని 24-1తో కొట్టారని నిజం చెప్పినా నమ్మరు, ఆ లెక్కలే అలా ఉంటాయి.

ఇక బొమ్మ. హాకీ గోల్స్ రికార్డు అని వెతికి కింద అలంకారానికి ఒక ఆటగాణ్ణి పెట్టింది. నెత్తిన హెల్మెట్, కాళ్ళకి స్కేట్లు, కింద మంచు. ఐస్ హాకీ. ధ్యాన్‌చంద్ పక్కన. "అమ్మా, ఇది వేరే ఆట" అన్నాను. "హాకీ అనే ఉంది కదా మాస్టారూ, ఈయనకి 894 గోల్సట, మీ లిస్టులో ఎవరికీ లేవు, ఎందుకు ఒగ్గేశారు?" అని ఎదురడిగింది. ఆ 894 వేన్ గ్రెట్జ్‌కీవి, కెనడా ఆయన. ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ లీగ్‌లో 1,487 మ్యాచుల్లో కొట్టాడు. రష్యా ఆటగాడు ఓవెచ్‌కిన్ 2025 ఏప్రిల్ 6న 895వది కొట్టి ఆ రికార్డు దాటాడు, అదీ సరిగ్గా తన 1,487వ మ్యాచులో. ఒకే లెక్క మ్యాచులు, తేడా ఒక్క గోలు. బొమ్మ తీసేయమన్నాను, కానీ ఆ రెండు అంకెలు ఇంటికి వెళ్ళాక కూడా వదల్లేదు.

ఎందుకంటే గ్రెట్జ్‌కీ 1981-82లో 80 మ్యాచుల్లో 92 గోల్స్ కొట్టాడు, ఓవెచ్‌కిన్ జీవితంలో మంచి సీజన్ 2007-08, 82 మ్యాచుల్లో 65. నా పట్టిక పద్ధతిలో అయితే 1.15 పైన, 0.79 కింద, అయిపోయింది, గ్రెట్జ్‌కీ గొప్ప. కానీ 1981-82లో ఆ లీగ్‌లో రెండు జట్లూ కలిపి సగటున ఒక మ్యాచుకి ఎనిమిది గోల్స్ పడేవి. 2007-08కి అది ఐదున్నర చిల్లర. గోలీల, అంటే గోలు దగ్గర కాపలా కాసేవాళ్ళ, ప్యాడ్లు పెరిగాయి, మోకాళ్ళ మీద వాలి కింది భాగమంతా మూసేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఆ మ్యాచులో పడే గోల్స్‌లో వీడివి ఎన్ని అని భాగిస్తే, గ్రెట్జ్‌కీకి నూటికి పద్నాలుగు చిల్లర, ఓవెచ్‌కిన్‌కీ నూటికి పద్నాలుగు చిల్లర. రాత్రి పదకొండింటికి ఫోన్ క్యాలిక్యులేటర్ మీద ఇది చూసి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. ఆవిడ ఏమందో ఇక్కడ రాయలేను.

ఆ లీగ్ మొట్టమొదటి సీజన్ 1917-18లో జో మలోన్ అనే ఆయన 20 మ్యాచుల్లో 44 గోల్స్ కొట్టాడు, మ్యాచుకి 2.2. అందరికన్నా పైన పెట్టాలి మరి. కానీ ఆ సీజన్ మొదలైనప్పుడు గోలీ కింద పడి ఆపితే శిక్ష వేసేవారు, మధ్యలో ఆ రూల్ ఎత్తేశారు. నిలబడే ఆపాలంటే మా ఎనిమిదో తరగతి గుంటలు కూడా కొట్టేస్తారు గోల్స్.

మర్నాడు మళ్ళీ మెట్లెక్కాను, చెప్పులు చేత్తో. "అమ్మా, పట్టికలో ఇంకో గడి కావాలి, జట్టు కొట్టిన మొత్తం గోల్స్‌లో ఈయన వాటా ఎంతో అది" అన్నాను. వేరే షాపులో అయితే ఎక్స్‌ట్రా డబ్బులు అడిగేవాడు. ఓనరు అడగబోయాడు కూడా. ఆ అమ్మాయే "ఆగండి, నాక్కూడా తెలియాలి" అని కుర్చీ ఇటు తిప్పింది. అరగంట కూర్చుని ఇద్దరం వేసిన లెక్క ఇదీ:

1928లో భారత జట్టు 5 మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇచ్చుకోలేదు. 29లో ధ్యాన్‌చంద్‌వి 14, అంటే నూటికి 48. 1952 హెల్సింకీలో బల్బీర్ సింగ్ సీనియర్ 3 మ్యాచుల్లో 9, ఫైనల్లో నెదర్లాండ్స్ మీదే ఐదు. జట్టు మొత్తం కొట్టినవి 13. మ్యాచుకి 3, వాటా నూటికి 69. 2024 పారిస్‌లో హర్మన్‌ప్రీత్ సింగ్ 8 మ్యాచుల్లో 10, జట్టువి 15. మ్యాచుకి 1.25 మాత్రమే, కానీ వాటా నూటికి 67! నా పాత పట్టికలో బల్బీర్ ఎక్కడో మేడ మీద, హర్మన్‌ప్రీత్ అరుగు మీద. కొత్త గడిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అదీ ఒకాయన సెంటర్ ఫార్వర్డ్, ఒకాయన డిఫెండర్. హర్మన్‌ప్రీత్ గోల్సన్నీ పెనాల్టీ కార్నర్లు, స్ట్రోకులే, అంటే అవతలివాళ్ళు తప్పు చేస్తే దొరికే అవకాశాలు. వెనక నిలబడి కాపలా కాసేవాడు, కార్నర్ దొరికినప్పుడు వచ్చి డ్రాగ్ ఫ్లిక్ (బంతిని కర్రతో లాగి విసిరే దెబ్బ) వేసి వెళ్ళిపోతాడు.

నేను గెలిచాననుకుని టీ తెప్పించాను. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "మరి రూప్‌సింగ్ ఎవరు?"

ధ్యాన్‌చంద్ తమ్ముడు. 1932లో మనకి రెండే మ్యాచులు, మొత్తం పోటీకొచ్చినవే మూడు జట్లు. జపాన్ మీద 11-1, అమెరికా మీద 24-1, కలిపి 35. అందులో రూప్‌సింగ్‌వి 13, ధ్యాన్‌చంద్‌వి 12. మ్యాచుకి ఆరు గోల్స్ కొట్టిన ధ్యాన్‌చంద్ వాటా నూటికి 34కి పడిపోయింది. "అంటే తమ్ముడు బాగా ఆడితే అన్నకి మార్కులు తగ్గించేస్తారేటి మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు, టీ ఉంది, తాగాను. నిజమే కదా, చుట్టూ ఎవరూ లేనివాడికి వాటా పెరుగుతుంది, చుట్టూ అంతా ఘనులే ఉంటే తగ్గుతుంది. అందుకని చివరికి రెండు గడులూ ఉంచాం, మ్యాచుకి ఎన్ని, వాటా ఎంత. మూడో గడిలో ఆ టోర్నమెంట్లో ఎన్ని మ్యాచులు ఆడారో పెద్ద అంకెల్లో వేశాం, రెండు మ్యాచుల సరాసరిని చూసి ఎవరూ మోసపోకుండా. మూడో గడి ఆలోచన పూర్తిగా ఆవిడదే. బీకామ్ అట, ఊరికే పోలేదు చదువు.

ధ్యాన్‌చంద్ జీవితం మొత్తం లెక్క కూడా వేయమని మా హెడ్మాస్టారి కోరిక. బయట ఎక్కువగా చెప్పుకునేది 185 మ్యాచుల్లో 570. అందులో టూర్లకి వెళ్ళినప్పుడు అక్కడి స్థానిక జట్ల మీద ఆడినవి కూడా ఉన్నాయి. పాకిస్తాన్ డ్రాగ్ ఫ్లిక్ వీరుడు సొహైల్ అబ్బాస్ 311 అంతర్జాతీయ మ్యాచుల్లో 348, దాని పక్కన ఇది ఎలా పెడతాం? అబ్బాస్ దాటిన రికార్డు నెదర్లాండ్స్ పాల్ లిట్యెన్స్‌ది, 177 మ్యాచుల్లో 267. మ్యాచుకి లెక్కేస్తే రికార్డు పోగొట్టుకున్నాయనదే ఎక్కువ, 1.51కి 1.12. ఇంకో తమాషా, 1936 బెర్లిన్ ఫైనల్లో జర్మనీ మీద 8-1 గెలిచాం కదా, ఆ ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ ఆరు కొట్టాడని జనంలో ప్రచారం, హాకీ ఫెడరేషన్ రిపోర్టులో మూడే. ఒక్క మ్యాచ్ లెక్కే ఇలా ఉంటే జీవితం మొత్తం ఏం రాస్తాం. హెడ్మాస్టారికి నచ్చజెప్పి ఒలింపిక్స్ వరకే ఉంచాను.

1936 అనగానే ఓనరు అటునుంచి అందుకున్నాడు, "మన విజ్జీ కెప్టెన్ అయిన ఏడు కదా అది". ఆయనది విజయనగరం. నిజమే, ధ్యాన్‌చంద్ బెర్లిన్‌లో ఆడుతున్న ఆ వేసవిలోనే విజయనగరం రాజకుమారుడు ఇంగ్లండ్‌లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. 3 టెస్టుల్లో మొత్తం 33 పరుగులు, సగటు 8.25. ఆ లెక్కకి మాత్రం ఏ కాలం సర్దుబాట్లూ అక్కర్లేదు. ఓనరు మొహం కాస్త చిన్నబోయింది, నా ఫ్లెక్సు రెండు రోజుల ఆలస్యంలో ఒకరోజుకి ఇదే కారణమేమో అని అనుమానం.

గడులు సరిపోయాక కూడా మిగిలిపోయినవి ఉన్నాయి, ఫ్లెక్సు అంచున చిన్న అక్షరాల్లో వేయించాను. ధ్యాన్‌చంద్ రోజుల్లో ఆట 70 నిమిషాలు, ఇప్పుడు పావుగంట చొప్పున నాలుగు భాగాలు, 60. అప్పుడు పచ్చిక, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి సింథటిక్ టర్ఫ్. అప్పుడు ఆఫ్‌సైడ్ (అవతలి గోలు దగ్గర ముందే వెళ్ళి కాచుకోకూడదనే రూల్) ఉండేది, 1990ల చివర్లో తీసేశారు. అప్పుడు దిగినవాడు చివరిదాకా ఆడాల్సిందే, ఇప్పుడు నిమిషం నిమిషానికీ ఆటగాళ్ళు మారుతుంటారు. వీటిలో కొన్ని గోల్స్ పెంచేవి, కొన్ని తగ్గించేవి, అన్నీ కలిపి ఒక్క అంకెతో గుణించి ధ్యాన్‌చంద్‌ని పారిస్‌కి తీసుకొస్తామనేవాళ్ళని నేను నమ్మను. 2.8ని 60 నిమిషాలకి మారిస్తే 2.4, అక్కడిదాకా సరే. పచ్చికని ఏ అంకెతో భాగిస్తారు?

ఆ అమ్మాయి ఇంకోటంది, అది ఫ్లెక్సు మీద లేదు కానీ రాస్తాను. వాళ్ళది ఆమదాలవలస కదా, కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట ఆ పక్కనే. "మా మల్లీశ్వరి గారిది ఈ గొడవ లేదు మాస్టారూ. సిడ్నీలో 110, 130, మొత్తం 240 కేజీలు. కేజీ అప్పుడూ కేజీయే, ఇప్పుడూ కేజీయే. ఎదురుగా ఇనుమే గానీ అమెరికా గోలీ ఉండడు కదా" అంది. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి ఆటలు నేర్పిస్తున్నాను, వెయిట్ లిఫ్టింగ్‌కీ హాకీకీ ఉన్న తేడా ఇంత చిన్నగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. గోలంటే ఇద్దరు మనుషుల మధ్య జరిగే పని, ఆపేవాడు ఎలాంటివాడో చెప్పకుండా కొట్టినవాడి లెక్క సగమే.

ఇక ప్రింటు విషయానికొస్తే, రంగులు బావున్నాయి, అంకెలు ఇరవై అడుగుల దూరం నుంచి కనిపిస్తాయి, ఒత్తులు అన్నీ చోట్లోకి వచ్చాయి. రెండో ప్రూఫ్‌లో చుక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్క బల్బీర్‌ది తప్ప, ఆయనకి మ్యాచుకి 3 కాబట్టి చుక్క అక్కర్లేదు, కానీ అలవాటుగా 3. అని పెట్టి వదిలేసింది. బల్బీర్ పక్కన సీనియర్ అని రాయించడం మర్చిపోకండి ఎవరైనా వేయిస్తే, 1968 మెక్సికో జట్టులోనే బల్బీర్ సింగ్‌లు ముగ్గురున్నారు, వెతికితే ఎవరి ఫొటో వస్తుందో దేవుడికే తెలుసు. మొదట వచ్చింది వేరే బల్బీరే.

తాడు కట్టే రింగులు మాత్రం ఘోరం. నాలుగు మూలలా కొట్టాల్సినవి మూడే కొట్టారు, నాలుగోది ఎక్కడని అడిగితే అయిపోయాయన్నాడు ఓనరు, చవితికి అన్నీ వాడేశారట. 29 ఉదయం గాలికి ఆ మూల లేచి సరిగ్గా రూప్‌సింగ్ వరస మీదికి మడత పడింది. పిల్లలు తెలివైనవాళ్ళు, ఒకడు క్రికెట్ బ్యాట్ ఆనించి నిలబెట్టాడు. సభలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, అయితే ఎవరు గొప్ప?" అని అడిగాడు, నేను గడులు చూపించి చెప్పడం మొదలుపెట్టేసరికి బిస్కెట్లు వచ్చాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పండగ ముందు వెళ్ళకండి. ఉదయం పదకొండు తర్వాత వెళ్తే ఆ అమ్మాయి ఉంటుంది, లేకపోతే వెనక్కి వచ్చేయండి. తెలుగు మేటర్ వాట్సాప్‌లో పంపొద్దు, కాగితం మీద రాసి ఇవ్వండి. అంకెల్లో చుక్కలుంటే దగ్గర కూర్చుని చూసుకోండి. అడ్వాన్సు సగమే ఇవ్వండి, రింగులు లెక్కపెట్టుకుని మిగతా సగం.

నేను మళ్ళీ వెళ్తున్నాను. ఫ్లెక్సు తీసుకునే రోజు ఆ అమ్మాయి "ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదేటి మాస్టారూ" అంది. వందనా కటారియా 320 మ్యాచుల్లో 158, టోక్యోలో దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్, ఒలింపిక్స్‌లో మన అమ్మాయిల్లో అదే మొదటిది. మ్యాచుకి 0.49. ధన్‌రాజ్ పిళ్ళైది సుమారు 170 గోల్స్, 339 మ్యాచులు, 0.50. ఈ రెండూ పక్కపక్కన పెట్టి నాలుగడుగులు బై మూడు వేయిస్తున్నాను, డిజైన్ ఫ్రీ అంది. రింగులు నేనే బజార్లో కొని తీసుకెళ్తున్నాను.